నీళ్ల తొట్టిలో ఐదో ముక్క

ఆ ఆసుపత్రి కింది అంతస్తులో, ఎక్స్‌రే గది దాటాక ఎడమ చేతి వైపు, కిటికీలు లేని ల్యాబు ఒకటి ఉంది. పైన ఆపరేషన్ గదుల్లో మనుషుల్లోంచి కోసి తీసిన ముక్కలన్నీ చిన్న డబ్బాల్లో, ఫార్మలిన్ వాసన కొడుతూ అక్కడికే దిగుతాయి. వాటిని మైనంలో బిగించి, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు పొరలుగా కోసి, గాజు స్లైడు మీదకెక్కించి, రంగు పట్టించి డాక్టరు ముందు పెడితే, ఆయన మైక్రోస్కోపులో చూసి జబ్బేమిటో చెబుతాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ పొరలు కోస్తున్నావిడకు హాజరు పట్టీలో ఏదో పేరుంది గానీ ఆసుపత్రిలో ఎవరూ దాన్ని వాడరు. అందరికీ ఆవిడ బ్లేడు పిన్ని.

ఆ పేరులో సగం ఆవిడ తిప్పే కోత మెషిన్ గురించి, సగం ఆవిడ నోటి గురించి. మొదటి సగం ఎదురుగా అనేవారు, రెండో సగం వెనకాల అనుకునేవారు. పిన్నికి రెండూ తెలుసు. రెండూ గర్వమే.

లోకంలో పిన్ని గౌరవించే వస్తువులు కొన్ని ఉన్నాయి. విప్పని ప్యాకెట్లో కొత్త బ్లేడు, ముద్ద కట్టకుండా కరిగే మంచి మైనం, వెంట్రుక ఊడని సన్నకుంచె. గౌరవించదగ్గ మనిషి మాత్రం ఇంకా పుట్టలేదు. డబ్బా మూత సరిగ్గా బిగించని నర్సులంటే చులకన. ముక్కను ఫార్మలిన్‌లో వేయకుండా ఉప్పునీళ్లలో వేసి పంపే సర్జన్లంటే మరీ చులకన. "వీళ్ల చదువంతా కొయ్యడానికే, మూత పెట్టడం సిలబస్‌లో లేదు" అనేది. ల్యాబు పెద్ద డాక్టరు ఏమడిగినా "చూద్దాం" అనేవాడు కనక ఆయనకు చూద్దాం డాక్టరని పేరు పెట్టింది. ఇంట్లో మొగుడు రిటైరైన బస్సు కండక్టరు. ఆవిడ వచ్చేసరికి వంట చేసి, బట్టలు మడతపెట్టి, పేపర్లో పదాల పజిలు నింపుతూ కూర్చునేవాడు. మంచివాడు కాబట్టి ఆయనంటే ఇంకాస్త చులకన. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ పిన్నికి చెప్పేవాడూ లోకువే.

ఇంత గొప్ప మనిషి చేసిన నిర్వాకం వల్ల, స్కూలు యూనిఫారాలు కుట్టుకుని బతికే ఒకావిడ తన కడుపులో సగం పోగొట్టుకోబోయింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు జాబితా సంగతి చెప్పాలి.

ఆ ఏడాది ల్యాబును పెద్దది చేద్దామనుకున్నారు. పక్కనున్న పాత సామాన్ల గది గోడ పగలగొట్టి కలిపేశారు. కొత్తగా ఏమేం కావాలో రాసిమ్మని చూద్దాం డాక్టరు పిన్నిని అడిగాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆవిణ్ని ఒకరు సలహా అడగడం అదే మొదలు. రెండు ఆదివారాలు భోజనాల బల్ల మీద కూర్చుని ఆరు పేజీలు రాసింది. ఆ రెండు రోజులూ మొగుడు మిక్సీ వేయకూడదు, టీవీ పెట్టకూడదు, దగ్గితే బాల్కనీలోకి వెళ్లి దగ్గాలి.

చెప్పుకోవాలంటే అది జాబితా కాదు, తిట్ల దండకం. పెన్సిళ్లు నాలుగు డజన్లు కావాలంది, పెన్నులు ల్యాబు గడప తొక్కకూడదంది. పెన్నుతో రాసిన నంబరు స్పిరిట్లో కరిగిపోతుందనీ, నంబరు పోయాక ఆ ముక్క ఎవరిదో ముక్క నోరు తెరిచి చెప్పదనీ రాసింది. చవక బ్లేడు పొర మీద గీతలు పెడుతుందనీ, ఆ గీతలకు కూడా జబ్బు పేరు పెట్టగల సమర్థులు మన దగ్గర ఉన్నారనీ రాసింది. అది చదివి చూద్దాం డాక్టరు రెండుసార్లు దగ్గాడు. ఫార్మలిన్ ముక్కకు పదింతలు పోయాలి, పెదవి తడిపినట్టు పోస్తే ముక్క కుళ్లుతుంది. పొరలు తేలేసే గోరువెచ్చని నీళ్ల తొట్టి లోపల నల్లగా ఉండాలి, తెల్ల తొట్టిలో పలచటి పొర కళ్లున్నవాళ్లకే కనపడదు, ఇక్కడ కళ్లున్నవాళ్లు తక్కువ. నీళ్ల వేడి చూడ్డానికి థర్మామీటరు విడిగా కొనాలి, ఎందుకంటే మెషిన్ మీద వెలిగే అంకెను నమ్మేవాడు ఏం చెప్పినా నమ్ముతాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, చివరి పేజీ ఒక ఎత్తు. దాని కింద రెండు గీతలు గీసింది. "నూగు రాలని తుడుపు కాగితం, నెలకు ఆరు కట్టలు. ఒక మనిషి ముక్క కోయడం అయ్యాక, ఇంకో మనిషి ముక్క మొదలుపెట్టే ముందు, తొట్టి నీళ్ల మీద ఈ కాగితం చీలిక పరిచి లాగాలి. లాగకపోతే మొదటి మనిషి ముక్క నలుసంత నీళ్లలో ఉండిపోయి రెండో మనిషి స్లైడు మీదకెక్కుతుంది. అప్పుడు ఒకరి జబ్బు ఇంకొకరికి రాసేస్తాం. అన్నిటికంటే చవకైనది ఇదే, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. అర్థం కాకపోతే మళ్లీ చదవండి."

ఎవరూ మొదటిసారే చదవలేదు.

ఆ ఆరు పేజీలూ మూడో అంతస్తులో పర్చేజ్ ఆఫీసరు బల్ల మీదకు చేరాయి. గుండుసూది కొనాలన్నా మూడు కొటేషన్లు తెమ్మంటాడు కనక ఆసుపత్రంతా ఆయన్ని మూడు కొటేషన్లాయన అనేది. ల్యాబుకు కావలసినవి కొని పెట్టడం ఆయన పని, కానీ ల్యాబు ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూసి ఎరగడు. వాసన పడదట. పిన్ని రాసిన మొదటి పేజీలో సగం చదివి, ఒక కంపెనీ సేల్స్ కుర్రాడితో గంటన్నర మాట్లాడి, స్లైడ్లకు దానంతటదే రంగు పట్టించే పెద్ద మెషిన్ ఒకటి తెప్పించాడు. జాబితాలో అసలు లేనిది అదొక్కటే.

మెషిన్‌కి రిబ్బను కట్టారు. మూడు కొటేషన్లాయన ముక్కుకు జేబురుమాలు అడ్డం కట్టుకుని కిందకు రాకుండా మెట్ల మీద నుంచే చప్పట్లు కొట్టాడు. సేల్స్ కుర్రాడు తెర మీద వేలు పెట్టి బొమ్మలు జరుపుతూ, "చాలా తేలిక మేడమ్, చిన్నపిల్లలు కూడా నడపొచ్చు" అన్నాడు.

"అయితే చిన్నపిల్లల్నే పెట్టుకోండి, నన్నెందుకు పిలిచారు?" అంది పిన్ని. "సరే, దీని పొగ బయటికి పోవడానికి గొట్టం ఎక్కడ?"

కుర్రాడు గోడ వైపు చూశాడు. గోడకు కన్నం లేదు. ఆ కన్నానికి మూడు కొటేషన్లు రావాలి. అప్పటినుంచి ఆ మెషిన్ మీద టీ కప్పులు పెట్టుకోవడం మొదలుపెట్టారు. అందుకు మాత్రం బాగా పనికొచ్చింది.

తుడుపు కాగితం మీద మాత్రం ఎర్ర గీత పడి చివరి పేజీ తిరిగొచ్చింది. "హౌస్‌కీపింగ్ వద్ద లభ్యం" అని పక్కన రాసి ఉంది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడే రకం మనుషులు ఎక్కడైనా ఉంటారు, కానీ వాళ్లందరినీ ఒకే బల్ల వెనక కూర్చోబెట్టడం ఆ ఆసుపత్రికే చెల్లింది. పిన్ని మోకాళ్లు పట్టుకుని మూడంతస్తులు ఎక్కింది.

"కారణం రాశాను కదండీ, చదవలేదా?"

"చదివానండీ. నీళ్లు తుడుచుకోవడానికే కదా. హౌస్‌కీపింగ్‌లో బోలెడు కాగితం పడుంది."

"నీళ్లు తుడుచుకోవడానికి కాదు. నీళ్లనే తుడవడానికి."

"రెండింటికీ తేడా ఏంటండీ?"

"తేడా తెలిసినవాళ్లు కింద పనిచేస్తారు. తెలియనివాళ్లు పైన కూర్చుంటారు."

మూడు కొటేషన్లాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నెలకు ఆరు కట్టలా? తింటారా ఏంటమ్మా?" అన్నాడు. పక్క బల్లల దగ్గర గుమాస్తాలు ఇద్దరు పకపకా నవ్వారు. ఆ నవ్వు మెట్లు దిగేవరకూ పిన్ని వెంటే వచ్చింది. అన్నేళ్లుగా అందరినీ చూసి నవ్విన మనిషి, తనను చూసి నవ్వితే ఎలా ఉంటుందో ఆ రోజే తెలుసుకుంది. తెలుసుకుని బాగుపడిందా అంటే లేదు.

హౌస్‌కీపింగ్ కాగితం తెచ్చి చూశారు. నీళ్లలో పెట్టగానే నూగు వదిలింది, ఆ నూగంతా స్లైడ్ల మీదకెక్కింది. దాన్ని అవతల పారేశారు. ఉన్న మంచి కాగితం సోమవారం సాయంత్రానికి అయిపోయింది. అయిపోయిందంటే ట్రేలో అయిపోయింది. పిన్ని స్టీలు బీరువాలో ఇంకా తొమ్మిది కట్టలున్నాయి.

ఇది బయటివాళ్లకు తెలియని సంగతి. ల్యాబుల్లో పాతకాపులందరికీ సొంత తాళం వేసుకునే బీరువా ఒకటి ఉంటుంది. సరుకు వచ్చిన నెలలో కాస్త, రాని నెలను తలుచుకుని ఇంకాస్త అందులో దాచుకుంటారు. మంచి బ్లేళ్లు, కుంచెలు, పెన్సిళ్లు, కాగితం. దొంగతనం కాదు, ఎందుకంటే ఇంటికి పట్టుకెళ్లరు. కరువు వచ్చినప్పుడు తీసి పని జరిపిస్తారు. పిన్ని బీరువా వల్ల ఆ ల్యాబు ఎన్నోసార్లు పరువు నిలుపుకుంది. ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ ఈసారి పిన్ని తాళం తీయలేదు. "కాగితం అయిపోయింది పిన్నీ" అని ఆవిడ కింద పనిచేసే జూనియర్లిద్దరూ బీరువా వైపు చూస్తే కళ్లెర్రజేసింది.

"అయిపోతే అయిపోయింది. రెండు స్లైడ్లు పాడవుతాయి, పైకి కబురెళుతుంది, మెట్లు దిగి ఆయనే కాగితం మోసుకొస్తాడు. అప్పటిదాకా ఎవరూ నా బీరువా వంక చూడొద్దు."

"మరి నీళ్లు?"

"స్లైడు అంచుతో గీకండి. నేను ఈ పనిలో చేరినప్పుడు కాగితం ఎవరిచ్చారు?"

అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. దుత్త పగిలితే అత్తకు పోయేదేమీ లేదని ముప్పై ఒక్క ఏళ్ల అనుభవానికి తట్టలేదు. పాడైన స్లైడు ఏదైనా తన కన్ను దాటి పైకి పోదని ఆవిడ ధీమా. ఎదుటివాళ్లందరూ గుడ్డివాళ్లనుకునేవాళ్లకు తమ కళ్ల మీద ఉండే నమ్మకం అంతా ఇంతా కాదు.

మరునాడు, మంగళవారం పొద్దున, పిన్ని మొదట కోసింది ఒక ముసలాయన కడుపు ముక్క. ఆపరేషన్‌లో తీసేసిన పెద్ద ముక్క, నిండా క్యాన్సర్. దాని పొరలు నీళ్ల మీద తేలేసి, స్లైడ్లకెక్కించి, స్లైడు అంచుతో నీళ్లను రెండుసార్లు గీకింది. దాని వెనకే యూనిఫారాలు కుట్టే ఆవిడ బ్లాకు, అంటే ముక్కలు బిగించిన మైనం దిమ్మ. గొట్టం వేసి కడుపులోంచి గిల్లి తెచ్చిన గసగసాలంత ముక్కలు. ఆవిడకు ఆర్నెల్లుగా కడుపులో మంట, తిన్నది ఇమడదు, అందుకని తీశారు. పిన్ని కోసింది, తేలేసింది, ఎక్కించింది. ఆ పూటకు నలభై బ్లాకులు. స్లైడ్లు పైకి వెళ్లాయి.

బుధవారం చూద్దాం డాక్టరు మైక్రోస్కోపులో కళ్లు పెట్టి, ఒక ముక్కలో క్యాన్సర్ కణాలు చూసి, రిపోర్టు మీద సంతకం పెట్టాడు.

ఆ బుధవారం నుంచి లెక్కపెడితే పదకొండో రోజు, శనివారం. మధ్యాహ్నం పన్నెండింటికి ల్యాబు కౌంటరు దగ్గర ఒక మనిషి ప్లాస్టిక్ ఫోల్డరు గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. యూనిఫారాలు కుట్టే ఆవిడ భర్త.

"పెద్దాసుపత్రిలో స్లైడ్లు తెమ్మన్నారండీ. సోమవారం పొద్దున్నే ఆపరేషను. కడుపులో సగం తీసేస్తారంట."

"సోమవారం ఆపరేషనైతే శనివారం పన్నెండింటికా గుర్తొచ్చేది?" అంది పిన్ని, తల ఎత్తకుండా.

"పిల్లని చూసుకునేవాళ్లు లేక…"

"అందరికీ పిల్లలున్నారు. నంబరు చెప్పండి."

ఆయన నంబరు చెప్పాడు. పిన్ని అరలోంచి స్లైడు లాగి, కవరులో పెట్టబోతూ, అలవాటు కొద్దీ ట్యూబులైటుకేసి ఎత్తి చూసింది. గాజు మీద గులాబీ రంగు చుక్కలు వరసగా ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదోది కాస్త ఎడంగా, కాస్త ముదురుగా ఉంది.

రిజిస్టరు తిరగేసింది. ఆ నంబరు ఎదురుగా పెన్సిలుతో తన చేతిరాతే. "కడుపు. నాలుగు ముక్కలు."

బ్లాకు తీసి చూసింది. మైనంలో నాలుగే చుక్కలు. రిజిస్టరులో పై గీతలో ముసలాయన నంబరు. ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. పిన్ని స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎంతసేపవుతుందండీ?" అన్నాడాయన భయంగా. ఇంకో తిట్టు తినడానికి సిద్ధపడే అడిగాడు.

"కూర్చోండి నాయనా. గంట పడుతుంది. ఎక్కడికీ వెళ్లకండి."

అప్పుడు తీసింది బీరువా తాళం. కట్ట విప్పి, కాగితం చీల్చి, నీళ్ల మీద పరిచి లాగింది. అదే బ్లాకును మళ్లీ కోసి, టీ కప్పుల మెషిన్ వైపు పోకుండా చేత్తోనే రంగు పట్టించి, తడి ఆరకముందే మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆవిడ డాక్టరు కాదు. కానీ ముప్పై ఒక్క ఏళ్లు వంటింట్లో ఉన్నవాళ్లకు అన్నం ఉడికిందో లేదో తెలుస్తుంది. నాలుగు ముక్కల్లోనూ వాపు ఉంది, పుండు అంచు ఉంది. క్యాన్సర్ లేదు. లోతుగా ఇంకో పది పొరలు కోసింది. వాటిలోనూ లేదు.

చూద్దాం డాక్టరు టిఫిను డబ్బా మూత పెడుతుంటే రెండు స్లైడ్లూ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒకటి చూసి, రెండోది చూసి, మళ్లీ మొదటిది చూశాడు.

"నేను… ముక్కల లెక్క ఫారం మీద రాసి ఉంటుంది కదూ?" అన్నాడు.

"ఉంటుందండీ. నాలుగని."

నాలుగు దాకా లెక్కపెట్టడానికి అంత చదువు అక్కర్లేదు. ఆ మాట పిన్ని నాలుక చివరిదాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి మింగేసింది.

ఆయన ఆ రోజు "చూద్దాం" అనలేదు. పెద్దాసుపత్రి సర్జనుకు అప్పటికప్పుడే ఫోను చేసి ఆపరేషన్ ఆపించాడు. కిందకు దిగి వచ్చి, ఫోల్డరు మనిషితో, "రిపోర్టులో చిన్న సవరణ ఉందండీ. క్యాన్సర్ కాదు. పుండు, మందులతో తగ్గుతుంది" అన్నాడు. చిన్న సవరణట! ఆ మనిషి ఏడవలేదు, దండం పెట్టలేదు. నమ్మకం లేనివాడిలా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "రాసిస్తారా?" అని మాత్రం అడిగాడు. రాసిచ్చారు. పట్టుకుని పరుగెత్తాడు.

తలుపు వేసుకున్నాక డాక్టరు నెమ్మదిగా అడిగాడు. "ఎలా జరిగిందో పైకి రాయాలి పిన్నీ. ఏమని రాద్దాం?"

"కాగితం లేదు సార్. నేను రాసిచ్చాను, ఆయన కొట్టేశారు. ఎర్ర గీత కూడా ఉంది."

ఆ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. వాటిలోని దుర్మార్గమంతా అదే. డాక్టరుకు ప్రాణం లేచొచ్చింది. తను లెక్కపెట్టని సంగతి కూడా ఆ ఎర్ర గీత కింద దాగిపోతుందని ఆయనకు క్షణంలో తెలిసింది. వెంటనే రాసేశాడు.

పనులు అంత చకచకా జరగడం ఆ ఆసుపత్రి ఎప్పుడూ చూడలేదు. సోమవారం విచారణ, మంగళవారం ఉత్తర్వు. మూడు కొటేషన్లాయన్ని పర్చేజ్ నుంచి తీసేసి, వెనక షెడ్డులో దుప్పట్లు ఉతికించే పనికి వేశారు. వెళ్లేముందు ఆయన ల్యాబుకు వచ్చాడు, మొట్టమొదటిసారి. ఈసారి ముక్కుకు రుమాలు లేదు. చేతుల్లో అట్టపెట్టె, పెట్టె నిండా తుడుపు కాగితం. దాన్ని బల్ల మీద పెట్టి అక్కడే నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఫార్మలిన్‌కో, మరి దేనికో.

"మీ లిస్టు చివరిదాకా చదవలేదండీ. నిన్న రాత్రి కూర్చుని చదివాను. చివరి పేజీ ముందే చదివుంటే… ఆవిడెవరో పాపం, ఎంత నలిగిపోయుంటుందో."

అదే పిన్ని అన్నాళ్లుగా కోరుకున్న ఘడియ. దాన్ని వృథా పోనిస్తుందా?

"మళ్లీ చదవండి. బట్టలుతికే చోట తీరిక బాగా ఉంటుంది."

జూనియర్లిద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ బీరువా వైపు మాత్రం చూడలేదు. ఆయన తల వంచుకుని, సరేనన్నట్టు ఊపి, వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అన్నం తింటూ ఈ వైభవమంతా మొగుడికి వర్ణించి చెప్పింది. ఎర్ర గీత దగ్గర గొంతు పెంచింది, అట్టపెట్టె దగ్గర నవ్వింది. ఆయన కూర వడ్డిస్తూ అంతా విన్నాడు.

"మరి నీ బీరువాలో తొమ్మిది కట్టలున్నాయన్నావుగా, ఆ మధ్య?" అన్నాడు.

"మీకు ల్యాబు సంగతులు ఏం తెలుసు? టిక్కెట్లు చించడం కాదు."

"తెలియదులే" అని ఆయన తన కంచం ముందు కూర్చున్నాడు. పిన్నికి ఆ కూర ఎక్కువ కారం అనిపించింది. తిట్టింది. ఆయన మజ్జిగ తెచ్చిపెట్టాడు.

గురువారం పదకొండు గంటలకు కౌంటరు దగ్గరికి ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"మళ్లీ చూసి చెప్పినావిడ మీరేనా అక్కా?"

"డాక్టరుగారు చూశారమ్మా."

"కాదు, మీరే అన్నాడు మా ఆయన. గంట కూర్చోమన్నది మీరేనంట." కౌంటరు మీదుగా చేతులు చాపి పిన్ని రెండు చేతులూ పట్టేసుకుంది. సూదులు గుచ్చుకుని గరుకుతేలిన వేళ్లు. "మీరు చూడకపోయుంటే సోమవారం నా కడుపు కోసేసేవాళ్లు."

పిన్ని చేతులు లాక్కోబోయింది. ఆవిడ వదల్లేదు.

"పదకొండు రోజులక్కా. మొదటి రెండు రోజులూ ఏడ్చాను. తర్వాత ఏడవడానికి కూడా టైము లేదనిపించింది. మా పాపకి తొమ్మిదేళ్లు. జడ వేసుకోవడం రాదు. నేను పోతే దానికి ఎవరు వేస్తారు? మా ఆయనకి చేతకాదు. రోజూ అద్దం ముందు కూర్చోబెట్టి నేర్పించాను. చెయ్యి నొప్పెడుతోందమ్మా అని మొరాయిస్తే ఓ దెబ్బ కూడా వేశాను. ఎందుకు కొట్టానో దానికి తెలీదు పాపం. ఇప్పుడు తనే వేసుకుంటోంది. నేను వేస్తా రావే అన్నా రావట్లేదు." అని నవ్వబోయింది.

పిన్నికి సిగ్గేసింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఎవరి మీద చూపించిన ఏ చులకనా తన మీద తనకు అప్పుడు కలిగిన దానికి సాటిరాదు. ఆ చేతులు ఇంకా తన చేతుల్నే పట్టుకుని ఉండడం ఆవిడ భరించలేకపోయింది.

"తప్పు చేసింది నేనేనమ్మా" అంది. "ఇంకొకాయన ముక్క మీ స్లైడు మీదకెక్కింది. ఆ రోజు కోసింది నేనే. మనిషికీ మనిషికీ మధ్య నీళ్లను కాగితంతో లాగాలి. నేను లాగలేదు."

ఆవిడ చేతులు వదిలేసింది. తర్వాత తప్పించుకునే దారి తనే చూపించబోయింది.

"కాగితం లేదంట కదక్కా? డాక్టరుగారు చెప్పారన్నాడు మా ఆయన."

"ఉంది. నా బీరువాలో తొమ్మిది కట్టలున్నాయి."

"మరి?"

ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగా తెలియకే అడిగింది. తన పదకొండు రోజులకూ ఏదో ఒక కారణం ఉండి ఉంటుంది కదా, అదేమిటో విందామని మొహంలోకి చూస్తూ నిలబడింది. పిన్ని వెనక జూనియర్లిద్దరూ పని ఆపేశారు.

"మా పర్చేజ్ ఆఫీసరుకి బుద్ధి చెబుదామని తీయలేదు."

ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. తన వీధిలో, తను కుట్టి ఇచ్చే బళ్లలో, చుట్టాల్లో పర్చేజ్ ఆఫీసరనే మనిషెవరైనా ఉన్నాడేమోనని కాసేపు శ్రద్ధగా గుర్తుచేసుకోబోయింది. ఎవరూ తట్టలేదు.

"ఆయనెవరక్కా?" అని అడిగింది.